నేరమంతా వయస్సుదేనా?

(రవాణా రంగ కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాల గురించి, బోనసు గురించి, సర్వీసు నిబంధనల గురించి ఇటువంటి తరగతులలో మాట్లాడడం నాకు అలవాటు. ఈసారి నిర్వాహకులు ఆహారం, శ్రమ, వయస్సు, ఇన్సులిన్ అనే అంశాన్ని నాకు కేటాయించారు. ఆ మాట విని కొందరు మిత్రులు, "అన్నా, మీరు డాక్టరు ఎప్పుడయ్యారు?" అని నవ్వారు. నేను డాక్టరును కాను. బి.ఏ. చదివి ముప్పై ఏళ్లుగా యూనియన్ పని చేస్తున్నవాడిని. అయినా ఈ విషయం మాట్లాడడానికి ఒప్పుకున్నాను. దానికి కారణమైన ఒక అనుభవాన్ని ముందుగా మీతో చెప్పుకుంటాను.

నాతో పాటే సభ్యత్వం తీసుకున్న డ్రైవరు ఒకరుండేవారు. నలభై ఆరేళ్ల వయస్సులో ఆయనకు విపరీతమైన దాహం, అలసట, రాత్రిళ్లు పదే పదే మూత్రం మొదలయినవి. "యాభై దగ్గర పడుతున్నది గదా, వయస్సు ప్రభావం" అని ఆయనా అన్నాడు, మేమూ అన్నాము. నిజానికి తనకు షుగరు ఉన్నదని ఆయనకు తెలుసు. ఆ సంగతి బయటపడితే వైద్య పరీక్షలో అనర్హుడని తేల్చి స్టీరింగు లాగేసుకుంటారనే భయంతో ఎవరికీ చెప్పలేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలు మింగుతూ, రక్త పరీక్ష చేయించుకోకుండా నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు. బూటు ఒరుసుకుని పాదానికి పుండు పడింది. స్పర్శ తగ్గిన పాదం గనుక నొప్పి తెలియలేదు. చివరకు మూడు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. ఆసుపత్రిలో నా చేయి పట్టుకుని, "చెబితే మీరు కాపాడతారనే నమ్మకం ఉంటే చెప్పేవాణ్ణే అన్నా" అన్నాడు.

ఆ మాట నన్ను ఈనాటికీ వదలలేదు. అందులో యాజమాన్యంపై ఉన్న ఆరోపణ కన్నా మన సంఘంపై ఉన్న ఆరోపణ పెద్దది. కార్మికుల ఆరోగ్యం గురించి ఎన్నో డిమాండ్ల పత్రాలు వ్రాసిన నేను, ఆ తరువాతనే నా రక్తం నేను పరీక్ష చేయించుకున్నాను. పరగడుపున 118 వచ్చింది. మధుమేహానికి గడప మీద నిలబడి ఉన్నానన్న మాట. నేను కూడా నెపం వయస్సు మీదకే నెట్టబోయాను. ఆ నెపం ఎంతవరకు న్యాయమో విచారించడమే ఈనాటి నా ప్రసంగం.

ఇన్సులిన్ చేసే పని

మనం తిన్న అన్నం, రొట్టె, ఇడ్లీ జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దానిని కండరాలలోనికి, కొవ్వు కణాలలోనికి పంపడానికీ, కాలేయం తనలోని గ్లూకోజును అనవసరంగా విడుదల చేయకుండా ఆపడానికీ క్లోమ గ్రంథి నుండి ఇన్సులిన్ అనే హార్మోను వెలువడుతుంది. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్‌ల పరిశోధనతో అది చేతికందింది. 1922 జనవరిలో తొలిసారి ఒక బాలునికి ఇచ్చారు. అంతటితో మధుమేహమంటే ఇన్సులిన్ లోటు అని లోకం నిశ్చయించుకున్నది.

ఐతే 1936లో బ్రిటిష్ వైద్యుడు హిమ్స్‌వర్త్, రోగులలో రెండు తరగతులు ఉన్నాయని చూపించారు. ఒక తరగతి వారిలో ఇన్సులిన్ ఇచ్చినంతనే చక్కెర దిగుతున్నది. రెండవ తరగతి వారి దేహం దానిని లెక్కచేయడం లేదు. 1960లో అమెరికాలో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతిని వెల్లడించారు. పెద్ద వయస్సులో మధుమేహం వచ్చినవారిలో చాలామందికి ఇన్సులిన్ లేకపోవడం అటుంచి, ఎక్కువగానే ఉన్నట్లు వారి కొలతలలో తేలింది. ఈ పద్ధతిని రూపొందించినందుకు 1977లో యాలో నోబెల్ బహుమతి పొందారు.

ఇన్సులిన్ ఉన్నా దేహం దాని మాట వినకపోవడాన్నే ఇన్సులిన్ నిరోధకత అంటున్నారు. మనకు తెలిసిన పోలికతో చెప్పాలంటే, సిబ్బంది తగ్గిన డిపోలో ఉన్నవారి చేతనే డబుల్ డ్యూటీలు చేయించి సర్వీసులు నడిపించడం వంటిది ఇది. క్లోమం రెట్టింపు, మూడింతలు ఇన్సులిన్ తయారుచేసి చక్కెరను అదుపులో ఉంచుతుంది. బయటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఏళ్లు గడిచేసరికి క్లోమంలోని కణాలు అలసి, చక్కెర పైకి లేస్తుంది. రిపోర్టులో ఎర్ర గీత పడేనాటికి లోపల చాలా కాలంగా ఓవర్‌టైము నడుస్తూనే ఉన్నదన్న మాట.

వయస్సు వంతు ఎంత?

"వయస్సు మీద పడితే ఒంట్లో మంట తగ్గుతుంది, తిన్నది కరగదు, పొట్ట వస్తుంది" అని మనమందరం నమ్ముతున్నాము. 2021లో "సైన్స్" పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 29 దేశాలలో ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్ల వృద్ధుల వరకు 6,400 మందికి పైగా ఒక రోజులో ఎంత శక్తిని ఖర్చు చేస్తున్నారో కొలిచారు. దేహ పరిమాణాన్ని, కండను లెక్కలోకి తీసుకుని చూస్తే ఇరవై ఏళ్ల నుండి అరవై ఏళ్ల వరకు జీవక్రియ వేగంలో మార్పు దాదాపు లేదు. అరవై దాటిన తరువాతనే ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గుతున్నది.

అనగా నలభై ఐదేళ్ల డ్రైవరు పొట్టకు అతని జీవక్రియ మందగించడం కారణమని చెప్పడానికి వీలులేదు. వయస్సు బొత్తిగా నిర్దోషి అని కూడా నేను అనడం లేదు. కాలం గడిచిన కొద్దీ క్లోమం సత్తువ కొంత తగ్గుతుంది. వాడని కండరం ముప్పై దాటిన తరువాత పదేళ్లకు కొంత చొప్పున క్షీణిస్తుంది, అరవై తరువాత ఆ క్షీణత వేగం పుంజుకుంటుంది. వంశం పాత్రా ఉన్నది. ఐతే ఇరవై నుండి అరవై వరకు గల నలభై ఏళ్లు సరిగ్గా మన సర్వీసు కాలం. ఆ కాలంలో దేహానికి జరిగిన నష్టంలో అధిక భాగానికి మనం కూర్చున్న సీటు, తిన్న పళ్లెం, పోగొట్టుకున్న నిద్ర జవాబు చెప్పవలసి ఉన్నది.

కండరమే కీలకం

ఇన్సులిన్ ప్రభావంతో రక్తం నుండి తొలగే గ్లూకోజులో సింహభాగాన్ని, ప్రయోగశాలలో చేసిన కొలతల ప్రకారం సుమారు ఎనభై శాతాన్ని, కండరాలే తీసుకుంటాయి. మరొక విశేషమున్నది. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం కాచుకుని ఉండదు, తన ద్వారాలు తానే తెరుచుకుని గ్లూకోజును లోనికి తీసుకుంటుంది. శ్రమ ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు అది ఇన్సులిన్ మాటను మెరుగ్గా వింటుంది. ఈ మేలు నిలవ ఉండేది కాదు. ఆదివారం ఒక్కనాడు పది కిలోమీటర్లు నడిచి వారమంతా కూర్చోవడం కన్నా రోజూ అరగంట నడక మేలనడానికి ఇదే కారణం.

"శ్రమజీవికి షుగరు రాదు" అనే మాట మన తండ్రుల కాలంలో చాలావరకు చెల్లింది. ఇప్పుడు శ్రమ స్వరూపం మారింది. డ్రైవరు ఎనిమిది గంటలు, ట్రాఫిక్ ఉంటే పది గంటలు, సీటుకు అతుక్కుని ఉంటాడు. చేతులు, కళ్లు, మెదడు అలసిపోతాయి గాని తొడ కండరాలు పని చేయవు. ఇంటికి వచ్చేసరికి ఒళ్లు హూనమవుతుంది, వ్యాయామమనే మాట వింటే కోపం వస్తుంది. అలసట వేరు, వ్యాయామం వేరు అని గ్రహించడం అవసరం.

దీనికి చరిత్రలో మన రంగం నుండే సాక్ష్యమున్నది. లండన్ నగరపు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి జెర్రీ మారిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1953లో ఒక పరిశోధన ప్రకటించారు. ఒకే సంస్థలో ఒకే బస్సు మీద పని చేసేవారిలో, రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినా తీవ్రత తక్కువ. శ్రమకు, గుండెకు గల సంబంధాన్ని వైద్య లోకం గంభీరంగా తీసుకోవడం అక్కడి నుండే మొదలయిందని చెప్పవచ్చు.

మారిస్ అక్కడితో ఆగలేదు. 1956లో ఆయన బృందం సంస్థ ఇచ్చే యూనిఫారాల కొలతలు పరిశీలించింది. ప్యాంటు నడుము కొలత కండక్టర్ల కన్నా డ్రైవర్లకు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. చిన్న వయస్సు వారిలో కూడా ఈ తేడా ఉండడంతో, కొంత తేడా ఉద్యోగంలో చేరేనాటికే ఉండి ఉండవచ్చునని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ మనకూ అవసరం. సీటు ఒక్కటే దోషి అనడం తప్పే, సీటుకు సంబంధమే లేదనడమూ తప్పే. నడుము కొలత మాట మాత్రం గుర్తుంచుకోండి, దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

పళ్లెంలో ఏమున్నది?

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహమున్నది. మరి 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారు. అదే సర్వే ఆధారంగా 2025లో ప్రకటించిన ఆహార విశ్లేషణ ప్రకారం, మనం తినే తిండిలోని శక్తిలో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుండి వస్తున్నది. అందులో అధిక భాగం తెల్ల బియ్యం, మిల్లు పిండి, చక్కెర. మాంసకృత్తుల వంతు 12 శాతం మాత్రమే.

మన క్యాంటీను భోజనమే చూడండి. కొండంత అన్నం, నీళ్ల సాంబారు, చెంచాడు కూర, ఒక అప్పడం. పప్పు అడుగున వెతుక్కోవాలి. ఉదయం పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ, మధ్యలో ఆరు టీలు. టీకి రెండు చెంచాల చొప్పున లెక్క వేస్తే ఆరు టీలలో యాభై గ్రాముల చక్కెర పోతుంది. డ్రైవరు గాని, మా వంటి కార్యకర్తలు గాని దీనిని తిండి కింద లెక్క కట్టరు.

"అన్నం మాని జొన్న రొట్టె తింటే చాలదా?" అని చాలామంది అడుగుతారు. జొన్న, రాగి, కొర్ర మంచివే, పీచు ఉన్న ధాన్యాలే. ఐతే 2025 విశ్లేషణ మరొక సంగతి చెప్పింది. పిండి పదార్థం మొత్తం తగ్గకుండా బియ్యం స్థానంలో గోధుమ పిండినో చిరుధాన్యపు పిండినో పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గిన దాఖలా కనిపించలేదు. పిండి పదార్థంలో కొంత తీసి ఆ మేరకు పప్పు, పాలు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు చేర్చిన చోట ముప్పు తక్కువగా ఉన్నది. కావున అన్నం మానవలసిన పని లేదు. మూడు గరిటెల అన్నం ఒకటిన్నర గరిటె కావాలి, చెంచాడు పప్పు కప్పు పప్పు కావాలి, ఆకుకూర, కాయకూర పళ్లెంలో సగం ఆక్రమించాలి. సాయంత్రం బజ్జీల బదులు శనగల గుగ్గిళ్లో అలసందల గుగ్గిళ్లో తినవచ్చు. వాటి ధర బజ్జీల ధరను మించదు.

మన జాతి దేహాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ మిత్రుడు యుడ్కిన్ 2004లో తమ ఫోటోను "లాన్సెట్" పత్రికలో ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇద్దరిదీ ఒకటే, 22.3. దేహంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనలో కండ తక్కువ, కడుపు చుట్టూ కొవ్వు ఎక్కువ. తల్లి గర్భంలో ఉన్ననాటి పోషణ లోపానికి దీనిలో వంతున్నదని పుణె ప్రాంతపు పరిశోధనలు చూపుతున్నవి. తరతరాల పేదరికం దేహం మీద వ్రాసిపోయిన లెక్క ఇది. అందువల్లనే మనవారికి హద్దులు తక్కువగా నిర్ణయించారు. పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు. "నేను సన్నగానే ఉన్నాను గదా" అని ఎవరూ నిశ్చింతగా ఉండరాదు.

నైట్ డ్యూటీ

నిద్ర సంగతి వైద్యులు కూడా ఆలస్యంగా గుర్తించారు. 1999లో షికాగోలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. వారి దేహం గ్లూకోజును సంభాళించే శక్తి ఆ కొద్ది రోజులలోనే స్పష్టంగా దిగజారింది. అమెరికాలో నర్సులపై జరిపి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, మారుతుండే నైట్ డ్యూటీలు చేసిన ఏళ్లు పెరిగిన కొద్దీ మధుమేహపు ముప్పు పెరిగినట్లు తేలింది. అందులో కొంత భాగం బరువు పెరగడం ద్వారా వచ్చినదే. మన రంగంలోనే గాక ఆసుపత్రులలో, భివండీ, సూరత్ మరమగ్గాల మీద రాత్రి పాళీ చేసే తెలుగు కార్మికులకు కూడా ఇది వర్తిస్తుంది. రాత్రి రెండు గంటలకు తిన్న ప్లేటు పూరీని దేహం పగటి పూరీ వలె స్వీకరించదు. రాత్రి పాళీకి ముందే భోజనం ముగించి, నడిరాత్రి తేలికగా సరిపెట్టుకోవడం మేలు.

మలుపు తిప్పవచ్చునా?

తిప్పవచ్చును. చైనాలో దాచింగ్ అనే చమురు కార్మికుల నగరమున్నది. 1986లో అక్కడి క్లినిక్‌లలో లక్షా పదివేల మందికి పైగా పరీక్షించి, మధుమేహపు ముందు దశలో ఉన్న 577 మందిని ఎంచుకుని, కొందరికి ఆహారం, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ నేర్పారు. ఆరేళ్లలో ఏమీ నేర్పని వారిలో 68 శాతం మందికి మధుమేహం వచ్చింది. నేర్పిన జట్లలో 41 నుండి 46 శాతం మందికి వచ్చింది. 2019లో వెలువడిన ముప్పై ఏళ్ల లెక్క ప్రకారం, నేర్పినవారికి జబ్బు దాదాపు నాలుగేళ్లు ఆలస్యమైంది, గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు కూడా తగ్గినవి.

మన పొరుగున చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందిపై జరిపిన పరిశోధన 2006లో వెలువడింది. మూడేళ్లలో మామూలుగా వదిలేసిన వారిలో 55 శాతం మందికి జబ్బు రాగా, నడక, ఆహార మార్పు నేర్చుకున్నవారిలో 39 శాతం మందికి వచ్చింది. బరువు చెప్పుకోదగినంతగా తగ్గకుండానే ఈ మేలు కలిగింది. కావున త్రాసు ముల్లు కదలలేదని నడక మానవద్దు.

నేను చేస్తున్నది చెబుతాను. రోజూ నలభై నిమిషాల నడక, వారానికి మూడు రోజులు ఇరవై బస్కీలు, గోడకు చేతులానించి దండీలు, భోజనం తరువాత పది నిమిషాలు పచార్లు, చక్కెర లేని టీ రోజుకు రెండు. ఏడాదికి పరగడుపు చక్కెర 118 నుండి 102కు దిగింది. తప్పిన రోజులున్నవి, మహాసభల రోజుల్లో అన్నీ తప్పుతాయి. మళ్లీ మొదలుపెడతాను.

ఒక హెచ్చరిక. ఇప్పటికే మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు నా మాట విని మందు మానరాదు. నడక పెంచి, తిండి తగ్గిస్తే మందు మోతాదు మార్చవలసి రావచ్చు, అది డాక్టరు నిర్ణయం. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే కొన్ని మాత్రలు గాని వాడే డ్రైవరు డ్యూటీకి ముందు పరీక్ష చేసుకోవాలి, జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి, భోజనం తప్పరాదు. చెమట, వణుకు, కళ్లు మసకబారడం వంటివి కనిపించిన క్షణాన బండి పక్కకు ఆపాలి. అది ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన బాధ్యత.

సంఘం చేయవలసినది

"రోజూ నడవండి, కూరగాయలు తినండి" అని చెప్పి చేతులు దులుపుకోవడానికి మనం యూనియన్ కార్యకర్తలం కానవసరం లేదు. పన్నెండు గంటలు ఇంటికి దూరంగా ఉండేవాడికి నడకకు సమయమేది? డిపో క్యాంటీనులో పప్పే లేనప్పుడు మాంసకృత్తుల బోధ ఎందుకు?

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, నడుమ విరామం, క్యాంటీను, విశ్రాంతి గదుల గురించి చెప్పింది. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. వంద మంది ఉన్న చోట క్యాంటీను మాట, నిర్ణీత వయస్సు వారికి యజమాని ఖర్చుపై ఏటా వైద్య పరీక్ష మాట అందులో ఉన్నవి. కోడ్‌లపై మన అభిప్రాయాలు వేరే తీర్మానాలలో ఉన్నవి. కాగితం మీద ఉన్న హక్కును పళ్లెంలోకి తేవలసినది మాత్రం క్యాంటీను కమిటీలో కూర్చునే మన ప్రతినిధియే.

వైద్య పరీక్ష గురించి జాగ్రత్తగా ఆలోచించండి. పరీక్ష ఫలితం ఉద్యోగానికి ఉరిత్రాడు అయినప్పుడు కార్మికుడు పరీక్ష నుండి పారిపోతాడు. నా మిత్రుడు పారిపోయినది అందుకే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను, ప్రభుత్వ సంస్థలలో సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదని, అదే వేతనంపై వేరే పోస్టు ఇవ్వవచ్చునని చెబుతున్నది. మంచిదే. ఐతే ఆ చట్టపు వైకల్యాల జాబితాలో మధుమేహం లేదు. చూపు పోయిన తరువాత, కాలు పోయిన తరువాత ఆ చట్టం వస్తుంది. కాలు పోకముందు రావలసినది మన ఒప్పందం.

కావున మూడు కోర్కెలు మీ ముందుంచుతున్నాను. షుగరు ఉన్నదని తెలిపిన ఏ కార్మికునికైనా వేతన నష్టం గాని, హోదా నష్టం గాని ఉండరాదని, చికిత్సా కాలంలో అవసరమైతే వేరే పని ఇవ్వాలని ఒప్పందంలో వ్రాయించాలి. వరుస నైట్ డ్యూటీలకు పరిమితి, వాటి తరువాత పూర్తి విశ్రాంతి చార్టులోనే ఉండాలి. క్యాంటీను భోజనంలో పప్పు, ఆకుకూర, గుడ్డు లేదా శనగలు తప్పనిసరి కావాలి.

ఇక నడుము కొలత మాట. లండన్ వైద్యుడు దర్జీ కొలతలతో కనుగొన్నదానిని మనం టేపుతో కనుగొనలేమా? ఈ సాయంత్రం తరగతి ముగిసిన తరువాత తలుపు దగ్గర ఒక టేపు, ఒక నోటు పుస్తకం ఉంటాయి. పేర్లు వ్రాయము, వయస్సు, సర్వీసు, నడుము కొలత మాత్రమే వ్రాస్తాము. నా కొలత మొదటి వరుసలో వ్రాసి ఉన్నది, 94. మీ డిపోలకు వెళ్లి ఇదే పని చేయండి. వచ్చే చర్చలకు యాజమాన్యం ముందు కూర్చునేటప్పుడు వేతనాల పట్టికతో పాటు ఆ పుస్తకం కూడా బల్ల మీద పెడదాము.